ఎగిరిన విమానము, ఎగిరినదన్న విమానము

ఈ మధ్య కోటవురట్ల ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన విద్యార్థుల వైజ్ఞానిక ప్రసంగముల పోటీకి న్యాయనిర్ణేతలలో ఒకడనుగా పోవుట తటస్థించినది. తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు "ఇంటిలో కట్టిన విమానములు" అను విషయముపై మాటలాడెను. చక్కని గొంతు, ఎక్కడను తడబాటు లేదు. రైట్ సోదరులు సైకిళ్ళ దుకాణము నడుపుకొనువారని, బ్రెజిలు దేశస్థుడగు శాంతోస్ దుమోఁ వెదురు బొంగులతో విమానము కట్టెనని చెప్పెను. పిదప స్వరము హెచ్చించి, వీరందరికంటె ముందే 1895లో బొంబాయి చౌపాటీ ఇసుకలో శివకర్ బాపూజీ తల్పడే అను మహారాష్ట్రుడు విమానమును 1500 అడుగుల ఎత్తునకు ఎగురవేసెననియు, దానికి ఆధారము భరద్వాజ మహర్షి వ్రాసిన వైమానిక శాస్త్రమనియు చెప్పి ముగించెను. హాలంతయు చప్పట్లతో మారుమ్రోగినది.

నాతోడి న్యాయనిర్ణేతలు ప్రథమ బహుమతి అతనికే అనిరి. ద్వితీయ బహుమతి చాలునంటిని నేను. చివరకు వారి మాటే నెగ్గినది, అది న్యాయమే కూడ. ఆ సభలో అంత బాగుగా మాటలాడినవాడు వేరొకడు లేడు. కాని సభ ముగిసిన పిమ్మట పిల్లవాడు నా వద్దకు వచ్చి, "మాస్టారూ, అయితే అది ఎగరలేదాండీ?" అని అడిగెను. "ఎగిరినట్లు నిదర్శనము లేదురా" అని ఒక్క ముక్క చెప్పి బస్సెక్కితిని. నర్సీపట్నము చేరులోగానే ఆ ముక్క చాలదని తోచినది. పెద్దవారు కాదన్నారు కనుక కాదు అని నమ్మిన యెడల, అచ్చులో చూచితిని కనుక అవును అని నమ్మినదానికంటె అది ఏ విధముగ మేలు? కావున ఆ గ్రంథమునే ముందర పెట్టుకొని పరిశీలింతము.

వైమానిక శాస్త్రము అను ఈ సంస్కృత గ్రంథమును లోకమునకు అందించినవారు ఆనేకల్లుకు చెందిన పండిత సుబ్బరాయ శాస్త్రిగారు. ఆనేకల్లు, హోసూరు ప్రాంతమనగా తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినవచ్చు సీమ. శాస్త్రిగారు తమకు అంతర్దృష్టిచే స్ఫురించిన శ్లోకములను చెప్పుచుండగా వేరొకరు వ్రాసికొనిరి. 1923లో ఎల్లప్ప అను చిత్రకారుడు బెంగుళూరులో విమానముల పటములు గీసెను. 1959లో హిందీ అనువాదము, 1973లో మైసూరు నుండి జి. ఆర్. జోస్యరుగారి ఆంగ్లానువాదము వెలువడినవి. ఈ ఆంగ్లానువాదము తరువాతనే గ్రంథము దేశదేశముల పాకినది. 2015 జనవరిలో ముంబయిలో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో కూడ ప్రాచీన విమాన విద్యపై ఒక ఉపన్యాసము జరిగి, దేశమంతట వాదోపవాదములు లేచినవి.

ఈ గ్రంథమును చదువక ఎగతాళి చేయువారు కొందరు, చదువక పూజించువారు కొందరు. చదివి, లెక్క కట్టి చూచినవారు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు శాస్త్రజ్ఞులు: ముకుంద, దేశపాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు అనువారు. వారి పరిశీలన 1974లో ప్రకటితమైనది. ఉపాధ్యాయులందరు ఆ వ్యాసమును సంపాదించి చదువవలెనని నా మనవి. దాని ఫలితముకొరకు మాత్రమే కాదు, దాని మర్యాదకొరకు. వారు ముందుగా శాస్త్రిగారిని ఎరిగినవారిని కలిసికొని, ఆయన నిరాడంబరుడు, సాధుశీలుడు అని అందరును చెప్పిన మాటను ఉన్నదున్నట్లు వ్రాసిరి. ఆయన మోసగాడను మాట వారు ఎక్కడను అనలేదు. పిదప భాషను పరీక్షించిరి: అది వైదిక సంస్కృతము కాదు, సులభమైన ఆధునిక సంస్కృతము. గ్రంథము పుట్టినది 20వ శతాబ్దపు తొలి రెండు మూడు దశాబ్దములలోనే అని నిర్ణయించిరి. ఆ మీదట శకునము, సుందరము, రుక్మము, త్రిపురము అను నాలుగు విమానములను ఒక్కొక్కటిగా తీసికొని, వాని ఆకారము, లోహములు, చోదక విధానము చూచి, వీనిలో ఏదియు ఎగురజాలదని తేల్చిరి.

అందులోను న్యాయము తప్పలేదు. రుక్మ విమానమును గూర్చి మాత్రము, నిలువు గొట్టములలో పైన పంకాలు అమర్చి గాలిని క్రిందికి త్రోయుట అను భావమున కొంత అర్థము కలదని ఒప్పుకొనిరి. విమర్శ అన్న ఇట్లుండవలెను. ఎదుటివాని వాదములో నిలువదగిన ఒక్క అంశము ఉన్నను దానిని దాచరాదు.

అయితే ఆ అర్థమున్న భావమైనను ఆ కాలపు యంత్రములతో నిలుచునా? ఇది పదవ తరగతి విద్యార్థి చేయదగిన లెక్క. గాలిని క్రిందికి త్రోసిన, గాలి మనలను పైకి త్రోయును. ఇది న్యూటను మూడవ సూత్రము. పంకా తిరుగు వృత్త వైశాల్యము ఎంత, మోయవలసిన బరువు ఎంత అని తెలిసినచో, పంకా గుండ గాలి ఎంత వేగముతో క్రిందికి పోవలెనో తెలియును: బరువును (న్యూటనులలో) గాలి సాంద్రతకు రెట్టింపుతోను, వృత్త వైశాల్యముతోను భాగించి, వర్గమూలము తీయవలెను. ఆ వేగమును బరువుతో గుణించిన కావలసిన సామర్థ్యము వచ్చును.

ఉదాహరణకు రైట్ సోదరుల 1903 నాటి విమానమునే తీసికొందము. మనిషితో కూడ దాని బరువు సుమారు 340 కిలోగ్రాములు, అనగా 3330 న్యూటనులు. దానికి ఎనిమిదిన్నర అడుగుల వ్యాసముగల ప్రొపెల్లర్లు రెండు. రెంటి వృత్త వైశాల్యము కలిపి సుమారు పదిన్నర చదరపు మీటర్లు. ఈ రెండు ప్రొపెల్లర్లనే రుక్మ విమానములో వలె ఆకాశమువైపు త్రిప్పి, రెక్కలు తీసివేసి, నిలువుగా లేపబూనితిమి అనుకొనుడు. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోగ్రాములు. లెక్కకు వేగము సెకనుకు 11.5 మీటర్లు వచ్చును. సామర్థ్యము సుమారు 38 కిలోవాట్లు, అనగా 51 అశ్వశక్తులు. ఇది నష్టములేమియు లేని ఆదర్శ స్థితిలో. వారి ఇంజను ఇచ్చినది 12 అశ్వశక్తులు. ఆ ఇంజను తూకము సుమారు 82 కిలోగ్రాములు. అదే తీరున 51 అశ్వశక్తుల ఇంజను పోతపోసిన 350 కిలోగ్రాములు తూగును. విమానము, మనిషి, ఇంజను కలిపి మోయదలచినది 340 కిలోగ్రాములైతే, ఇంజను ఒక్కటే అంతకు మించినది!

రెక్క చేయు ఉపకారము ఇక్కడ తెలియును. ప్రొపెల్లరు బరువునంతటిని మోయనక్కరలేదు. గాలి నిరోధమును గెలిచి ముందుకు లాగిన చాలును. బరువును రెక్క మోయును. అందుచేతనే 12 అశ్వశక్తులు సరిపోయినవి. నిలువుగా లేచు హెలికాప్టరు, రెక్కల విమానము తరువాత మూడు దశాబ్దములకు గాని పనికివచ్చు రూపమునకు రాకపోవుటకు ఒక ముఖ్య కారణము ఇదియే.

పాదరసమును గూర్చియు ఒక మాట. తల్పడే విమానము పాదరసముతో నడిచినదని కథ చెప్పువారు కలరు. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు, 357 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును, ఆవిరి విషము. అది తనంత శక్తిని పుట్టించునది కాదు. నీటివలె అదియు వేడిని ఒకచోటినుండి ఒకచోటికి మోయునది మాత్రమే. పొయ్యి ఏది, కట్టె ఏది అన్న ప్రశ్న అట్లే ఉండును.

ఇక చౌపాటీ కథ. తల్పడే విమాన విద్యపై ఆసక్తి కలిగి, నమూనాలు చేయ ప్రయత్నించిన మాట సత్యము. సుబ్బరాయ శాస్త్రిగారి సలహాతో చేసిన నమూనాలలో ఏదియు ఎగురలేదని 1974 పరిశీలకులు తమ విచారణలో తెలిసికొని వ్రాసిరి. 1500 అడుగులని చెప్పు కథ ఆ ఎత్తును ఎవరు, ఏ సాధనముతో కొలిచిరో చెప్పదు. ఇంజను బరువెంతయో చెప్పదు. రెక్క వైశాల్యము చెప్పదు. రెండవసారి ఎప్పుడు ఎగిరెనో చెప్పదు. ఎగిరిన యంత్రమును చేసినవాడు మరునాడు మరల ఎగురవేయును గదా! ఒక్కసారి లేచి శాశ్వతముగ కొట్టులో చేరు విమానమును కథలే భరించును.

నాతో వచ్చిన న్యాయనిర్ణేత ఒకరు, చాల కాలము చరిత్ర బోధించినవారు, బస్సులో నాతో వాదించిరి. "మీరు లెక్కలు సరిగానే వేస్తారు లెండి. కాని పిల్లలకు మన దేశమంటే కాస్త గర్వం ఉండనివ్వరాదా? తెల్లవాడు చెప్పింది ఒప్పుకుంటాం, మనవాడు చెప్పింది మాత్రం కాదంటాం" అనిరి. ఈ ఆక్షేపణ తేలికగా తీసివేయదగినది కాదు. పరపాలనలో మన పనివారి నేర్పును చిన్నచూపు చూచిన మాట అబద్ధము కాదు. కాని ఈ జల్లెడ మనకొరకే ప్రత్యేకముగ తెచ్చినది కాదని చూపుట నా బాధ్యత.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమున గుస్తావ్ వైట్‌హెడ్ అను పనివాడు 1901లోనే ఎగిరెనని ఆ ఊరి పత్రికలో పడినది. ఎగురుచుండగా తీసిన ఫొటో ఒక్కటియు నిలువలేదు. అయినను 2013లో ఆ రాష్ట్ర శాసనసభ ఏకముగా చట్టము చేసి, మొదట ఎగిరినది తమవారేనని ప్రకటించినది! శాసనసభ ఓటుతో రెక్కకు ఉత్థాపక బలము రాదు. చరిత్రకారులలో పలువురు ఆ చట్టమును లెక్కపెట్టలేదు. వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థవారి సంగతి మరియు విచిత్రము. తమ కార్యదర్శి లాంగ్లీ ప్రభుత్వము ఇచ్చిన 50,000 డాలర్లతో కట్టిన విమానము 1903 డిసెంబరు 8న పొటోమాక్ నదిలో కూలినది. అయినను ఎగురగల తొలి యంత్రము ఆయనదేనని ఏండ్ల తరబడి పలకపై వ్రాసి ప్రదర్శించిరి. ఆర్విల్ రైట్ విసిగి 1928లో తమ విమానమును లండనుకు పంపివేసెను. 1942లో ఆ సంస్థ తన పొరపాటు ఒప్పుకొనినది. 1948లో గాని విమానము స్వదేశము చేరలేదు.

వీరందరికంటె నాకు ప్రియమైనవాడు న్యూజీలండు రైతు రిచర్డ్ పియర్స్. పల్లెటూరిలో, పొలము మధ్య షెడ్డులో, వెదురు, గొట్టములు, గుడ్డతో విమానము కట్టి, ఇంజను కూడ తానే చేసికొనెను. ఆయన అభిమానులు 1903 మార్చిలోనే ఎగిరెనని నేటికిని వాదింతురు. ఆయన మాత్రము 1915లోను, 1928లోను పత్రికలకు వ్రాసిన లేఖలలో ఆ తొలి గౌరవమును రైట్ సోదరులకే విడిచెను. మా చరిత్ర మాస్టారికి ఈ సంగతి చెప్పగా, కొంతసేపు కిటికీ బయటికి చూచి, "అతడు ఘనుడండీ" అనిరి.

రైట్ సోదరుల మాటను మనము ఎందుచేత నమ్ముచున్నాము? తెల్లవారు కనుక కాదు. వైట్‌హెడ్, లాంగ్లీ కూడ తెల్లవారే. 1903 డిసెంబరు 17న కిటీహాక్ ఇసుక దిబ్బలపై ఐదుగురు సాక్షులు ఉండిరి. అందులో జాన్ డేనియల్స్ అను తీరరక్షకుడు విమానము నేల విడుచుచున్న క్షణమున ఫొటో తీసెను. మొదటిసారి 12 సెకనులు, 120 అడుగులు. నాలుగవసారి 59 సెకనులు, 852 అడుగులు. వారు 1500 అడుగుల ఎత్తని చెప్పలేదు. కొబ్బరిచెట్టు ఎత్తని కూడ చెప్పలేదు. సత్యమునకు తరచు ఇట్టి చిన్న సంఖ్యలే ఉండును.

ఆ 12 సెకనులకు వెనుక రెండేండ్ల లెక్క ఉన్నది. 1901లో వారు చేసిన గ్లైడరు, పుస్తకములలోని పట్టికలనుబట్టి రావలసిన ఉత్థాపక బలములో మూడవ వంతు మాత్రమే ఇచ్చినది. ఎవరైనను ఏమి చేయుదురు? గాలిని తిట్టుదురు, లేదా గుడ్డను మార్చుదురు. వీరు పుస్తకమును అనుమానించిరి. ఆ లెక్కలలో 18వ శతాబ్దినుండి వాడుచు వచ్చిన స్మీటను స్థిరాంకము 0.005 అని ఉండెను. వీరు ఆరడుగుల పొడవుగల కొయ్య పెట్టె చేసి, ఒక కొసన పంకా అమర్చి, రెండు వందల వరకు చిన్న రెక్కలను అందులో నిలిపి పరీక్షించిరి. గ్లైడరు కొలతలనుండి స్థిరాంకము 0.0033 దగ్గర ఉండవలెనని తేల్చిరి. పాత సంఖ్యను నమ్మినవాడు ఉత్థాపక బలమును ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ఊహించుకొనును. ఆ సంఖ్యతో 1903 విమానమును లెక్కించి చూడుడు: రెక్కలు 510 చదరపు అడుగులు, గాలికి ఎదురు వేగము గంటకు 30 మైళ్ళు, బరువు 750 పౌనులు. స్థిరాంకము, వైశాల్యము, వేగవర్గము మూడింటిని గుణించి బరువును దానితో భాగించిన, రెక్క ఆకారము ఇవ్వవలసిన గుణకము పాత సంఖ్యతో 0.33, సరియైన సంఖ్యతో 0.5 వచ్చును. 0.33 చాలునని రెక్క కట్టినవాడు నేలపైనే పరుగెత్తుచుండును. పేరు ప్రతిష్ఠలుగల పట్టికను ఇద్దరు సైకిలు పనివారు కాదనుట, ఆ కాదనుటకు కొయ్య పెట్టెను సాక్షిగా నిలుపుట, ఇదియే ఆ పిల్లవాని ప్రసంగములో లోపించినది. సైకిలు దుకాణము అతడు చెప్పినాడు, పెట్టె చెప్పలేదు.

మన దేశమున ఇంటికట్టు విమానము లేకపోలేదు. మన చిన్ననాటి పాఠములలో దానికి చోటు దొరకకుండుటయే నాకు విచారము. ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో భాగమై ఉన్న రోజులలో, మద్రాసు మౌంటు రోడ్డుపై గియాకోమో డాంజెలిస్ అను కార్సికా ద్వీపవాసి మిఠాయిలు చేసి, హోటలు నడిపెను. 1909 జూలైలో బ్లేరియో ఇంగ్లీషు కాలువను విమానముపై దాటిన వార్త విని ఆయనకు ఉత్సాహము పుట్టినది. తన సొంత నమూనాతో రెండంతస్థుల రెక్కల విమానమును, బండ్లు కట్టుటలో పేరుపొందిన సింప్సన్ కంపెనీవారి కర్మశాలలో చేయించి, చిన్న ఇంజను పెట్టించెను. పల్లావరమున పరీక్షించి, 1910 మార్చిలో ప్రజల ఎదుట ఎగిరి చూపెను. చూడవచ్చినవారిలో ఒకరిని తోడుగ ఎక్కించుకొనెనని కూడ చెప్పుదురు. ఆ రెక్కల చట్రములు చెక్కిన చేతులు ఎవరివి? గుర్రపు బండ్ల చక్రములకు, పెట్టెలకు ములుకులు కొట్టిన మద్రాసు వడ్రంగులవి, కమ్మరులవి. వారి పేర్లు కూడ ప్రసంగములలో వినబడియుండిన ఎంత బాగుండెడిది!

డాంజెలిస్ కథకును అదే జల్లెడ పట్టవలెను, మనకు ఇష్టమైనది కదా అని వదలరాదు. నెల, సంవత్సరము ఉన్నవి, స్థలము ఉన్నది, చేసిన కర్మశాల పేరు ఉన్నది, చూచినది జనసమూహము. చౌపాటీ కథకంటె ఇది ఎంతో గట్టిది. అయినను గంతు వేరు, ప్రయాణము వేరు. ఆ తరువాత ఏడాది తిరుగకముందే, 1911 ఫిబ్రవరి 18న, హెన్రీ పెకే అను 23 ఏండ్ల ఫ్రెంచి యువకుడు అలహాబాదు నుండి నదిపై ఎగిరి ఆరు మైళ్ళ దూరములోని నైనీకి సుమారు 6500 ఉత్తరములు చేర్చెను. లోకములో తొలి అధికార విమాన తపాలా అదియే. దానికి తపాలా ముద్ర సాక్షి. ముద్రపడిన కవరుతో వాదింపగలవాడెవడు?

శాంతోస్ దుమోఁను గూర్చి పిల్లవాడు చెప్పినది నిజమే, కాని మేలైన భాగము విడిచిపెట్టెను. ఆయన చిన్న విమానమునకు ఫ్రెంచిలో 'దెమ్వాజెల్' అని పేరు. మన తూనీగ జాతి పురుగునకు కూడ వారు అదే పేరు వాడుదురు. వెదురు బొంగుల ఒడలు, పట్టు గుడ్డ రెక్కలు, సుమారు 30 అశ్వశక్తుల ఇంజను. దానిపై హక్కులు కోరక, ఎవరైనను చేసికొనవచ్చునని విడిచిపెట్టెను. 1910లో అమెరికాలోని ఒక జనరంజక యంత్ర పత్రిక దాని పటములను, కొలతలతో సహా అచ్చువేసినది. ఆ పటములను, ఎల్లప్ప గీసిన పటములను ప్రక్కప్రక్కన పెట్టి తరగతిలో చూపుడు. మొదటిదానిలో ప్రతి బొంగునకు పొడవున్నది, ప్రతి తీగకు ముడి ఉన్నది. చూచి కట్టి, తప్పైన చోట పట్టుకొనవచ్చును. రెండవదానిలో అందమున్నది, గాంభీర్యమున్నది. తప్పు పట్టుకొనుటకు మాత్రము వీలు లేదు. విద్యార్థి ఈ తేడాను కంటితో చూచిన, ఉపన్యాసము అక్కరలేదు.

మన సీమలో వెదురుకు కరవు లేదు. ఏజెన్సీ కొండలు కనుచూపు మేరలో ఉన్నవి. వరాహ నదికి దిగువన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి బొమ్మలు చేయువారు ఏ కర్ర తేలికయో, ఏది చీలునో వ్రేలితో తట్టి చెప్పగలరు. గ్లైడరు నమూనాకు కర్ర ఎంచుటలో వారి సలహా కంటె మేలైన పాఠ్యగ్రంథము నాకు కనబడలేదు.

పుష్పకము మనకు లేదని ఎవరనిరి? 1958 సెప్టెంబరులో హిందూస్థాన్ కర్మాగారమువారు బెంగుళూరులో తయారుచేసిన ఇద్దరు కూర్చుండు చిన్న విమానము ఎగిరినది. రూపకల్పన చేసినవారు ఘాటగేగారి బృందము. 90 అశ్వశక్తుల ఇంజను. రెక్కలకు గుడ్డ తొడుగు. విమాన క్లబ్బులలో ఎందరో యువకులు దానిపై విద్య నేర్చిరి. దాని పేరు 'పుష్పక్'. ఎల్లప్ప పటములు గీసిన ఊరిలోనే, 35 ఏండ్లకు! చరిత్ర మాస్టారు కోరిన గర్వమునకు ఇది చాలదా అని వారికి ఉత్తరము వ్రాసితిని. చాలును గాని, రామాయణములోని పుష్పకమును మీ తూకపు రాళ్ళతో తూచవద్దని వారు జవాబు వ్రాసిరి. అది నేను ఎన్నడును చేయబోను. కావ్యమునకు ఇంజను అడుగువాడు కావ్యము చదువలేదనియే అర్థము.

పిల్లవానికి వేరుగా ఒక కవరు పంపితిని. పైన చెప్పిన నిలువు లేపుడు లెక్కయు, 0.0033 లెక్కయు అందులో పెట్టి, సంఖ్యలు మార్చి మరల చేయుమని కోరితిని: ప్రొపెల్లరు వ్యాసము రెట్టింపైన ఏమగును? పదిహేను రోజులకు జవాబు వచ్చినది. వైశాల్యము నాలుగు రెట్లగునని, వేగము సగమగునని, సామర్థ్యమును సగమగునని సరిగనే పట్టుకొనెను. అడుగున ఒక ప్రశ్న: "అయితే ఇంకా పెద్దది చేస్తే 12 అశ్వశక్తులకే లేస్తుంది కదా మాస్టారూ? మరి అంత పెద్ద పంకా బరువెంత ఉంటుంది?" అశ్వశక్తికి 746 వాట్లని వేయవలసిన చోట 764 అని వేసెను. దానిని దిద్ది, పంకా బరువును గూర్చి అతడే ఏటికొప్పాక పోయి విచారింపవలెనని వ్రాసి, కాగితమును తిరిగి పంపితిని.